పార్టు మార్చే ముందు

ప్లగ్గులు మార్చారు. పాయింట్లు, కండెన్సర్, కాయిల్ మార్చారు. కార్బరేటర్లు విప్పి, కడిగి, కొత్త కిట్ వేసి బిగించారు. చివరికి పెట్రోల్ పంపు కూడా కొత్తది వేశారు. అయినా మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే బండి మిస్సింగ్ కొడుతూనే ఉంది. పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ల దగ్గర ఇలాంటి జాబితా తరచుగా వినిపిస్తుంది. దాని చివర వచ్చే మాట కూడా దాదాపు ఒకటే: "చేయని పని లేదు, ఏం చేసినా పోవడం లేదు." ఆ మాటలో మొదటి సగం నిజం కాదని చెప్పడానికే ఈ అధ్యాయం. జాబితాలో ఉన్నవన్నీ మార్పిడులు. పరీక్ష ఒక్కటీ లేదు. నెలల తరబడి వదలని లోపం ఎక్కడో అందని చోట దాక్కుని ఉండటం అరుదు. దాన్ని పట్టించే ఆనవాళ్లను మనమే, ఒక్కో కొత్త పార్టు బిగించినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెరిపేస్తూ పోతాం. ఇది కార్ల గురించిన సంగతే అయినా, పట్టుదల ఉండి కూడా ఓడిపోయే మనుషుల ఆలోచన ఎక్కడ పక్కదారి పడుతుందో ఇంత స్పష్టంగా చూపించే రంగం ఇంకొకటి దొరకడం కష్టం.

ఎం.జి.బి. కారునే తీసుకుందాం. ఇంగ్లండులోని అబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన కారు అది. నాలుగు సిలిండర్ల 1798 సీసీ ఇంజను, బి.ఎం.సి. వాళ్ల బి-సిరీస్ కుటుంబానికి చెందింది. అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజను మన అంబాసిడర్ బానెట్ కింద దశాబ్దాల పాటు పనిచేసింది. అంబాసిడర్‌తో చెయ్యి తిరిగిన మెకానిక్‌కి ఎం.జి.బి. బానెట్ ఎత్తి చూపిస్తే, రెండో కార్బరేటర్ తప్ప కొత్తగా కనిపించేది పెద్దగా ఉండదు. పాత మోడళ్లలో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. కరెంటును తెంచి నిప్పురవ్వ పుట్టించడానికి ఒక జత పాయింట్లు, గాలిలో పెట్రోలు కలపడానికి రెండు ఎస్.యు. కార్బరేటర్లు, అంతే. ఇంత సాదా యంత్రంలో కూడా ఏళ్ల తరబడి తేలని మిస్సింగ్ కేసులు ఉన్నాయంటే, నేరం యంత్రం సంక్లిష్టత మీద వేయలేం. వెతికే పద్ధతిలోనే ఏదో తేడా ఉంది.

ఆ తేడా ఏమిటో చూడాలంటే ఒక పార్టు మార్చినప్పుడు నిజంగా ఏం జరుగుతుందో గమనించాలి. మార్చాక లోపం పోలేదనుకోండి. "అయితే కండెన్సర్ తప్పు కాదన్నమాట" అని దాన్ని అనుమానితుల జాబితాలోంచి కొట్టేస్తాం. కొత్తది కచ్చితంగా మంచిదైతేనే ఆ కొట్టివేతకు విలువ. పాత బ్రిటిష్ కార్లకు ఇప్పుడు దొరికే నకలు పార్టుల్లో కండెన్సర్లు, రోటర్లు కొన్ని వేడెక్కగానే చేతులెత్తేస్తాయి. నాసిరకం రోటర్‌లో పైనున్న ఇత్తడి పలకను పట్టి ఉంచే రివెట్ కింది షాఫ్టుకు మరీ దగ్గరగా వస్తుంది. ప్లగ్గుకు వెళ్లాల్సిన కరెంటు మధ్యలో ఉన్న పలచని ప్లాస్టిక్‌ను చీల్చుకుని షాఫ్టులోకి దిగిపోతుంది. యాభై ఏళ్లు నడిచిన పాత రోటర్‌ను తీసి పారేసి, యాభై మైళ్లు నడవని కొత్తది పెట్టుకున్న వాళ్లున్నారు. అలాంటప్పుడు మొదటి లోపం అలాగే ఉండి, దాని పక్కన రెండోది చేరుతుంది. ఒకే ఆదివారం నాలుగు పార్టులు మార్చి, బండి కాస్త మెరుగుపడితే ఇంకో చిక్కు: ఏది మేలు చేసిందో తెలియదు, ఏది కీడు చేసి ఆ మేలును సగం తినేసిందో అసలే తెలియదు. మందుల షాపువాడు పొట్లం కట్టి ఇచ్చిన మాత్రలన్నీ ఒకేసారి మింగినవాడిని, ఏ మాత్రకు జ్వరం తగ్గిందని అడిగినట్టే.

మరి మొదలు ఎక్కడ? లోపం ఎప్పుడు వస్తోందన్న దగ్గర. "బండి సరిగా నడవట్లేదు" అనేది ఫిర్యాదు మాత్రమే, అందులో సమాచారం లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్లోలోనా, పరుగులోనా? తొక్కుతున్నప్పుడా, వదిలినప్పుడా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే సగం ఇంజన్ని నిర్దోషిగా తేల్చేస్తాయి. స్లోలో వణుకుతూ, వేగం అందుకోగానే నున్నగా నడిచే ఇంజనుకు ఎక్కడో దొంగగాలి తగులుతోందని అనుమానించాలి: మానిఫోల్డ్ ప్యాకింగ్, అరిగిన థ్రాటిల్ షాఫ్టు, బ్రేక్ సర్వోకు వెళ్లే ట్యూబు. స్లోలో గాలి మొత్తమే తక్కువ కాబట్టి ఆ కాస్త దొంగగాలి మిశ్రమాన్ని పాడు చేస్తుంది. వేగంలో అది లెక్కలోకి రాదు. దీనికి పూర్తిగా ఎదురు లక్షణం, స్లోలో బాగుండి, పొడవైన ఎత్తు మీద నాలుగైదు నిమిషాలు లాగాక బలం తగ్గిపోవడం. అప్పుడు కార్బరేటర్ చాంబర్‌లో పెట్రోలు ఖర్చవుతున్నంత వేగంగా నిండట్లేదేమో చూడాలి. పంపు దగ్గర, ఫిల్టర్ దగ్గర, ట్యాంకు మూతకు గాలి వెళ్లే రంధ్రం దగ్గర వెతకాలి.

లోపం వచ్చే తీరు కూడా మాట్లాడుతుంది. పెట్రోలు అందక ఆగే ఇంజను నీరసపడుతూ, దగ్గుతూ, కొంచెం కోలుకుంటూ, మళ్లీ కుంగుతూ ఆగుతుంది. కరెంటు తెగి ఆగే ఇంజను స్విచ్ తిప్పినట్టు టక్కున ఆగుతుంది. ఎం.జి.బి. దీన్ని కంటికి కూడా చూపిస్తుంది. 1964 తర్వాతి కార్లలో ఇంజను వేగం చూపించే టాకోమీటర్ ఇగ్నిషన్ ప్రైమరీ సర్క్యూట్ మీద ఆధారపడి పనిచేస్తుంది. బండి ఇంకా గేరులో ఉరుకుతూ, చక్రాలు ఇంజన్ని తిప్పుతూనే ఉన్నప్పుడు ఆ ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయిందంటే తెగింది ప్రైమరీ సర్క్యూట్: స్విచ్చు, కాయిల్‌కు వచ్చే వైరు, పాయింట్లు, వాటి ఎర్త్. ముల్లు నిలకడగా ఉండి ఇంజను మాత్రమే నీరసపడితే కార్బరేటర్ల వైపు, పంపు వైపు చూడొచ్చు. ఒక్క చూపుతో, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. అయినా ఎందరో డ్రైవర్లు ఆ క్షణంలో చూసేది రోడ్డు పక్కన ఆపడానికి చోటు ఎక్కడుందా అని. అది సహజమే, కానీ రెండోసారి జరిగినప్పుడైనా ముల్లు చూడాలి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన బండి దగ్గరికి వద్దాం, తొక్కగానే మిస్సింగ్ కొట్టే బండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపల చూడండి. మన మెకానిక్కులు డెల్కో అనేది దాన్నే. పాయింట్లు ఒక పలక మీద బిగించి ఉంటాయి. ఆ పలక స్థిరంగా ఉండదు. యాక్సిలరేటర్ తొక్కడం, వదలడాన్ని బట్టి కార్బరేటర్ వైపు నుంచి వచ్చే వాక్యూమ్ మారుతుంది, ఆ మార్పుకు అనుగుణంగా ఒక డయాఫ్రం పలకను అటూ ఇటూ జరిపి నిప్పు పడే సమయాన్ని సర్దుతుంది. కదిలే పలకకు ఎర్త్ అందించడానికి డిస్ట్రిబ్యూటర్ బాడీ నుంచి వేలెడు పొడవు వైరు ముక్క ఒకటి ఉంటుంది. పలక కదిలిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది. ఏళ్లు గడిచేసరికి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు, చూస్తే నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది. ఇంజను స్లోలో తిరుగుతుంటే తెగిన కొసలు ఒకదానికొకటి తగిలే ఉంటాయి. తొక్కగానే పలక జరుగుతుంది, కొసలు విడిపోతాయి, నిప్పు తప్పుతుంది. వదిలితే మళ్లీ కలుస్తాయి. ఈ బండికి కాయిల్ మార్చినా, కండెన్సర్ మార్చినా, పాయింట్లు మార్చినా లాభం లేదు, ఎందుకంటే పార్టుల పెట్టెల్లో ఈ వైరు రాదు. మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి, ఒక కొన పలక మీద, ఇంకోటి డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద ఆనించి, పలకను వేలితో మెల్లగా తిప్పండి. అంకె సున్నా దగ్గర నిలబడాలి. ఎగిరిపడిందంటే దొంగ దొరికాడు.

అంటే పరీక్షల వరసను ఏది చెడిపోయి ఉండే అవకాశం ఎక్కువ అన్నదాన్ని బట్టి కట్టకూడదు. ఏ పరీక్ష తక్కువ శ్రమతో ఎక్కువ అనుమానితులను విడగొడుతుందో దాన్ని ముందు పెట్టాలి. దానికి తోడు యంత్రానికి తనదైన వరస ఒకటుంది, దాన్ని తలకిందులు చేస్తే శ్రమంతా వృథా. కంప్రెషన్ లేని సిలిండర్‌ను ఏ ట్యూనింగూ బాగుచేయలేదు. ట్యాపెట్ గ్యాపు తప్పిన ఇంజను మీద ఇగ్నిషన్ టైమింగ్ పెట్టడం, టైమింగ్ తప్పిన ఇంజను మీద కార్బరేటర్ సర్దడం, రెండూ వంకర పునాది మీద గోడ కట్టడమే. కాబట్టి ముందు ఇంజను వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలవాలి. అంకె ఎంత పెద్దదన్నదాని కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ ఆ రెండింటి మధ్య పోయిందేమో చూడాలి. ఒకటే తక్కువైతే అందులో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. తర్వాత ట్యాపెట్లు: చాలా ఎం.జి.బి. మోడళ్లకు ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.38 మి.మీ. ఆ తర్వాత పాయింట్లు: 0.35 నుంచి 0.40 మి.మీ. ఈ గ్యాపును ఒక్క చోట కొలిచి ఊరుకోకుండా షాఫ్టు మీది నాలుగు కోణాల దగ్గరా కొలవండి. ఒక్కో చోట ఒక్కోలా వస్తే అరిగింది డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్, పాయింట్లు ఎన్ని జతలు మార్చినా అది సరికాదు.

కార్బరేటర్లు అన్నిటికన్నా చివర. పనివాళ్లకు అన్నిటికన్నా ముందు చెయ్యి వేయాలనిపించేది వాటి మీదే, బహుశా బయటికి మెరుస్తూ కనిపిస్తాయి కాబట్టి, తిప్పడానికి స్క్రూలు ఉంటాయి కాబట్టి. తిప్పడానికి స్క్రూ ఉన్నంత మాత్రాన అది దారి తప్పిందని కాదు. ఎస్.యు. కార్బరేటర్ తన ఆరోగ్యం తానే చెప్పుకోగల పరికరం. ఇంజను వేడెక్కి స్లోలో తిరుగుతుండగా పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే పైకెత్తండి, దానికోసమే కింద ఒక చిన్న పిన్ను ఉంటుంది. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైంది. ఇంజను కుంగి ఆగబోతే తక్కువైంది. కొద్దిగా పెరిగి వెంటనే సర్దుకుంటే మిశ్రమం సరిగ్గా ఉంది, స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టేయండి. బి-సిరీస్ హెడ్ కట్టుబడి కూడా ఇక్కడ సాక్ష్యం ఇస్తుంది. ఇందులో ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒక ఇన్‌లెట్ ద్వారం, మూడు, నాలుగుకు కలిపి ఇంకొకటి. ముందు కార్బరేటర్ మొదటి జతకు, వెనకది రెండో జతకు. తీసిన ప్లగ్గులు వరసగా పేర్చి చూస్తే, ఒక జత రెండూ తెల్లబారి మిగతా జత గోధుమ రంగులో ఉంటే ఆ జత కార్బరేటర్ దగ్గరో, దాని ప్యాకింగ్ దగ్గరో వెతకాలి. ఒక్క ప్లగ్గే నల్లగా తడిసి ఉంటే కార్బరేటర్‌ను వదిలేయండి. ఒక్క సిలిండర్‌కు మాత్రమే పెట్రోలు ఎక్కువ పోసే మార్గం దానికి లేదు. ఆ ప్లగ్గు, దాని వైరు, ఆ సిలిండర్ రింగులు, వాల్వులు, అంత వరకే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అనుభవం పేరుతో వస్తుంది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న మేస్త్రి చప్పుడు విని చెప్పేస్తాడు, ఆయనకు మీటరెందుకు అంటారు. ఆయన చెవిని తక్కువ చేయాల్సిన పని లేదు. ఆ చెవి చేసేది కూడా పరీక్షే, చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి మనకు పరీక్షలా కనిపించదు. అయితే నిఖార్సయిన మేస్త్రి చప్పుడు విన్నాక ఊరుకోడు. ఒక ప్లగ్గు వైరు ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో లాగి ఇంజను తేడా పడిందా లేదా చూస్తాడు, అప్పుడు గానీ నోరు విప్పడు. పైగా ఈ అధ్యాయం మాట్లాడుతున్నది వదలని లోపాల గురించి. చెవితో దొరికేదైతే అది ఎప్పుడో దొరికి ఉండేది. అనుభవం ఒక చోట విఫలమయ్యాక అదే అనుభవాన్ని మరింత గట్టిగా నమ్మడం వల్లనే చాలా బండ్లు ఏళ్ల తరబడి షెడ్డుల చుట్టూ తిరుగుతాయి.

రెండో అభ్యంతరం బలమైనది. వచ్చీపోయే లోపాన్ని ఎలా పరీక్షిస్తాం? షెడ్డులో గంటసేపు నడిపినా రాదు, హైవే మీద మాత్రం వస్తుంది. నిజమే. కానీ దీనికి జవాబు పరీక్షను వదిలేయడం కాదు. షెడ్డులో లోపం రాకపోతే, లోపం వచ్చే చోటికే పరీక్షను తీసుకెళ్లాలి. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగిపోయి, పావుగంట చల్లారాక మళ్లీ స్టార్టయ్యే బండిని తీసుకోండి. పెట్రోలు పైపుల్లో ఆవిరి పట్టిందని అందరూ తేల్చేస్తారు. వేడెక్కి విఫలమైన కండెన్సర్‌కూ, కాయిల్‌కూ లక్షణం అచ్చం అదే, చల్లారితే అవీ కోలుకుంటాయి. ఆ పావుగంట గడిచాక ఈ రెండింటినీ వేరు చేసే దారి లేదు. ఆగిన మొదటి రెండు నిమిషాల్లోనే ఉంది. అందుకని డాష్‌బోర్డు అరలో ఒక స్పార్క్ టెస్టర్ పెట్టుకోవాలి. ఆగగానే, వేడి మీదే, కాయిల్ వైరుకు తగిలించి స్టార్టర్ తిప్పాలి. రవ్వ నీలంగా, బలంగా వస్తే ఇగ్నిషన్ వైపు నుంచి మీ చూపు మరల్చవచ్చు. పసుపుపచ్చగా, సన్నగా వస్తే, అసలు రాకపోతే, పెట్రోలు పైపులకు చుట్టిన గుడ్డలు, తడి గోనెపట్టలు అన్నీ తీసేయొచ్చు. పక్కనే స్విచ్ ఆన్‌లో పెట్టి పంపు శబ్దం కూడా వినాలి. ఎస్.యు. ఎలక్ట్రిక్ పంపు ఆరోగ్యంగా ఉండి, చాంబర్లు నిండితే టిక్కుటిక్కుమని నాలుగు సార్లు కొట్టి ఊరుకుంటుంది. ఆగకుండా గబగబా కొడుతుంటే పెట్రోలుకు బదులు గాలి పీలుస్తోంది, లేదా ట్యాంకు ఖాళీ. రెండోది చెప్పడానికి మొహమాటమే గానీ, పాత కార్ల పెట్రోల్ గేజీలను నమ్మినవాడు చూడాల్సిందే.

మూడోది ఆధునికుల అభ్యంతరం. ఈ గొడవంతా ఎందుకు, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించి, రెండు ఎస్.యు.లు తీసేసి ఒక వెబర్ బిగిస్తే పోలా? ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచి మార్పే, పాయింట్లు అరిగి గ్యాపు మారే బాధ తప్పుతుంది. అయితే బండి సరిగా నడుస్తున్నప్పుడు చేయాల్సిన పని అది. లోపం ఉండగా చేస్తే తెలిసిన యంత్రంలోని తెలియని లోపం కాస్తా, తెలియని యంత్రంలోని తెలియని లోపం అవుతుంది. ఆ తెగిన ఎర్త్ వైరునే మళ్లీ తలుచుకోండి. ఎలక్ట్రానిక్ కిట్లలో చాలావాటి మాడ్యూల్ అదే కదిలే పలక మీద కూర్చుంటుంది, దానికీ ఎర్త్ ఆ వైరు గుండానే రావచ్చు. వేల రూపాయలు పోసినా మిస్సింగ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఈసారి యజమానికి "ఇగ్నిషన్ కొత్తదే" అన్న ధీమా కూడా తోడవుతుంది. అంతకంటే పెద్ద అడ్డంకి ఉండదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. యాభై ఏళ్ల ఇంజనులో ఒకేసారి రెండు మూడు లోపాలు ఉండటం మామూలే. థ్రాటిల్ షాఫ్టు అరిగి ఉంటుంది, ప్లగ్గు వైరు ఒకటి చచ్చి ఉంటుంది. పైగా ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అందులోని ఆక్సిజన్ వల్ల మిశ్రమం పలచబడుతుంది, తనంతట తాను సర్దుకునే తెలివి పాత కార్బరేటర్‌కు లేదు, పాత రబ్బరు ట్యూబులకూ అది పడదు. ఒకే కారణాన్ని పట్టుకుంటే చాలన్న ఆశ అందుకే కొన్నిసార్లు నిరాశపరుస్తుంది. కానీ ఒక్కోసారి ఒక్కటే మార్చాలన్న నియమం ఇలాంటి చోటే మరీ అవసరం. చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని ఎడమ పేజీలో మార్పుకు ముందు కొలతలు, కుడి పేజీలో తర్వాతి కొలతలు రాయండి. స్లో ఆర్‌పీఎం, వాక్యూమ్ గేజ్ అంకె, ప్లగ్గుల రంగు, మిస్సింగ్ వచ్చిన పరిస్థితి. ఒక మార్పుతో మిస్సింగ్ పోకపోయినా వాక్యూమ్ ముల్లు 16 నుంచి 18 అంగుళాలకు ఎక్కిందంటే ఒక లోపం తొలగినట్టే, దాన్ని అలాగే ఉంచి తర్వాతిదానికి వెళ్లాలి. రాసి పెట్టుకోకపోతే ఆ రెండు అంగుళాల మేలు ఎవరికీ కనిపించదు, నిరాశలో ఆ మార్పును కూడా వెనక్కి తిప్పేస్తారు.

లోపం పోయాక చేయాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది. దాదాపు ఎవరూ చేయరు. పోయిందనుకున్న రోజున, తీసేసిన పాత పార్టును మళ్లీ బిగించి బండి నడపండి. మిస్సింగ్ తిరిగొస్తే కారణం అదేనని రుజువైంది, నిశ్చింతగా కొత్తది వేసుకోవచ్చు. తిరిగి రాకపోతే బాగుపడింది ఆ పార్టు వల్ల కాదు. విప్పి బిగించేటప్పుడు తుప్పు పట్టిన టెర్మినల్ ఏదో శుభ్రపడి ఉంటుంది, వదులైన కనెక్షన్ ఏదో కూర్చుని ఉంటుంది, కొన్ని వారాల తర్వాత అది మళ్లీ వదులవుతుంది. బాగైన బండిని కావాలని పాడుచేయడమా అని చెయ్యి వెనక్కి లాగుతుంది. గంట పని, నూనె మరకలు, ఇంట్లోవాళ్ల వింత చూపులు. కానీ మంచి పార్టును చెత్తబుట్టలో వేసి, అసలు దోషిని బానెట్ కిందే వదిలేశారో లేదో తెలుసుకోవడానికి ఆ గంటకు మించిన చవకైన దారి లేదు. కాబట్టి తీసిన పార్టు మీద తేదీ రాసిన చీటీ అంటించి, కనీసం అంతవరకైనా పారేయకుండా ఉంచండి.